వాలీబాల్ నెట్టు సాతాను వల కాదు

"ఈ కాలం పిల్లలు ఆటల పిచ్చిలో పడి ఇటు చదువూ అటు మందిరమూ రెండూ పోగొట్టుకుంటున్నారు."

సత్తుపల్లి, వేంసూరు చుట్టుపక్కల ఈ మాట వినకుండా పెరిగిన క్రైస్తవ విద్యార్థి ఉండడు. ఆదివారం ప్రసంగంలో వస్తుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మళ్లీ వస్తుంది. ఎండాకాలం సెలవుల్లో వీబీఎస్ (పిల్లల బైబిలు బడి) పెడితే ఏడేళ్ల పిల్లల ముందు కూడా వస్తుంది. ఆ పిల్లలకు ఆట అంటే ఇంకా కోతికొమ్మచ్చే. నేను ఈ మాట పదేళ్లుగా వింటున్నాను. మా ఊరి బడి గ్రౌండులో సాయంత్రం వాలీబాల్ ఆడి, చెమట ఆరకముందే ప్రార్థనకు వెళ్లి, చాప మీద వెనక వరసలో కూర్చుని విన్నాను. ఇప్పుడు డిగ్రీకి వచ్చాను. ఇంకా తల వంచుకుని వినడం నా వల్ల కాదు.

ముందు వాళ్ల వాదన సరిగ్గా చెప్తాను. అవతలివాడి మాటను బలహీనంగా చెప్పి గెలవడం దొంగాట.

వాళ్లు చెప్పేది ఇది. మన ఇళ్లలో చదువు మొదటి తరానిదో రెండో తరానిదో. నాన్న పామాయిల్ గెలలు కోసి, అమ్మ మామిడి తోటలకు కూలికెళ్లి ఫీజు కడుతున్నారు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినట్టు కాగితాల్లో రాసుకుంటే మిగిలేది బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషనే. అలాంటి పిల్లవాడికి గంట సమయం వృథా అయినా నష్టమే. పైగా గ్రౌండు అంటే ఉట్టి గ్రౌండు కాదు. అక్కడ బెట్టింగు ఉంటుంది, టోర్నమెంటు అయ్యాక మందు ఉంటుంది, గొడవలుంటాయి. ఆదివారం దేవుని దినం, పోటీలన్నీ ఆదివారమే పెడతారు. చివరిగా, శరీరం మట్టిలో కలిసేది, ఆత్మ నిలిచేది. దేవుని బిడ్డకు బైబిలూ పాఠ్యపుస్తకమూ చాలు.

ఇందులో భయం నిజం. మా అమ్మ కళ్లలో రోజూ చూస్తున్నాను కాబట్టి దాన్ని ఎగతాళి చేయను. భయం నిజమైనంత మాత్రాన వాదన నిజం కాదు. ఒక్కొక్కటే చూద్దాం.

1. "శరీర సాధన వల్ల లాభం కొంచెమే"

ఇది పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక, నాలుగో అధ్యాయం ఆధారంగా చేసే వాదన. ఎనిమిదో వచనం చదివి బైబిలు మూసేస్తారు. మూయకుండా ఐదు వచనాలు వెనక్కి వెళ్తే అక్కడ పౌలు ఎవరి మీద మండిపడుతున్నాడో కనిపిస్తుంది. పెళ్లి చేసుకోవద్దని, ఫలానా తిండి తినొద్దని విశ్వాసుల మీద నిషేధాలు పెట్టేవాళ్ల మీద. "వద్దు, వద్దు" అనేవాళ్లను మందలించే అధ్యాయంలోంచి ఒక్క ముక్క పీకి, దాంతో మనం కొత్త "వద్దు" ఒకటి తయారుచేసుకున్నాం. దీన్ని వాక్యం చెప్పడం అంటారా?

ఇక ఆ ముక్కనే చూసినా, కొంచెం లాభం అంటే నష్టం అని ఏ ఎక్కాల పుస్తకంలోనూ లేదు. మా వైపు లేత పామాయిల్ తోటలో చెట్ల మధ్య మొక్కజొన్న వేస్తారు. దాని మీద వచ్చేది కొంచెమే, తోట పెరిగాక వచ్చేదే అసలు రాబడి. అలాగని మొక్కజొన్న వేయడం పాపమనే రైతును నేనింతవరకు చూడలేదు. పౌలు చెప్పింది ఏది ముందో, ఏది తర్వాతో. మన పెద్దలు విన్నది ఏది ఉండాలో, ఏది ఉండకూడదో.

అసలు పౌలు ఆటలంటే ముఖం చిట్లించుకునే మనిషే అయితే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయం అలా ముగియదు. పందెంలో పరుగెత్తేవాళ్లు, కిరీటం, ఒళ్లు వంచి చేసే సాధన, గాలిని కొట్టని ముష్టియుద్ధం అన్నీ అక్కడే ఉన్నాయి. కొరింథులో ఆయన ఏడాదిన్నర ఉన్నాడు. ఆ పట్నం పక్కనే రెండేళ్లకోసారి ఇస్త్‌మియన్ ఆటలు జరిగేవి, గెలిచినవాడికి ఆకుల కిరీటం పెట్టేవాళ్లు. ఆ పోటీలు జరిగేది ఎవరి పేరు మీద? పొసైడన్ అనే సముద్ర దేవుడి పేరు మీద. విగ్రహారాధన చుట్టూ అల్లిన పోటీల్లోంచి ఉపమానం తీసుకోవడానికి పౌలుకు ఏ సంకోచమూ లేదు. సంక్రాంతికి ఊరి యువజన సంఘం పెట్టే కబడ్డీ పోటీలో పేరిస్తే మాత్రం మనకు బాప్తిస్మం చెల్లకుండా పోతుంది.

ఇంకొకటి. జెకర్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయం మన సభల్లో పెద్దగా వినపడదు. చెరనుంచి తిరిగొచ్చిన జనానికి యెరూషలేము మళ్లీ ఎలా ఉండబోతుందో ప్రవక్త చూపిస్తాడు. చేతికర్రలు పట్టుకున్న ముసలివాళ్లు వీధుల్లో కూర్చుని ఉంటారు. అదే వీధుల నిండా మగపిల్లలూ ఆడపిల్లలూ ఆడుకుంటూ ఉంటారు. దేవుడు ఒక ఊరిని ఆశీర్వదించాడనడానికి ప్రవక్త ఇచ్చిన గుర్తు అదీ. వీధిలో ఆట. ముసలివాళ్లు కూర్చుని చూస్తున్నారే తప్ప "ఇంట్లోకి పోండిరా" అంటున్నట్టు అక్కడ లేదు.

లూకా రెండో అధ్యాయం చివర పన్నెండేళ్ల యేసు ఎలా ఎదిగాడో ఒక్క వాక్యంలో ఉంది. నాలుగు రకాల ఎదుగుదల. అందులో రెండోదాన్ని మన తెలుగు బైబిలు "వయస్సు" అని అనువదించింది. మూలంలోని గ్రీకు మాటకు ఒడ్డూ పొడుగూ అనే అర్థం కూడా ఉంది. వయసు ఎవరికైనా వస్తుంది, గ్రౌండుకు వెళ్లనివాడికి కూడా. ఒళ్లు ఎదగాలంటేనే ఏదో చేయాలి. మనం పిల్లలకు ఆ నాలుగింటిలో ఒకటి ఎగ్గొట్టి మూడే నేర్పుతున్నామని నా అనుమానం.

2. "ఆటలు లోకం నుంచి వచ్చినవి"

సరే, ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. మా బడి గ్రౌండులో రెండు ఇనప పైపులకు కట్టిన వాలీబాల్ నెట్టు ఉంది. ఖమ్మం జిల్లాలో అలాంటి నెట్టు లేని ఊరు వెతకాలి. ఆ ఆటను 1895లో అమెరికాలోని హోలియోక్ అనే పట్నంలో విలియం మోర్గన్ కనిపెట్టాడు. ఆయన ఉద్యోగం వైఎంసీఏలో వ్యాయామ డైరెక్టరు. వైఎంసీఏ అంటే యంగ్ మెన్స్ క్రిస్టియన్ అసోసియేషన్. పేరులోనే క్రీస్తు ఉన్నాడు. దానికి నాలుగేళ్ల ముందు, 1891 డిసెంబరులో, స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో బాస్కెట్‌బాల్‌కు మొదటి నియమాలు రాసిన జేమ్స్ నైస్మిత్ దైవశాస్త్రం చదివి పట్టా తీసుకున్నవాడు. మద్రాసులో 1920లో వ్యాయామ విద్యకు కళాశాల పెట్టినది వైఎంసీఏ మనిషి హెచ్.సి. బక్. దక్షిణాదిలో తరాల తరబడి పీఈటీ సార్లను తయారుచేసింది ఆ కళాశాలే.

అంటే వాలీబాల్ చర్చిలోకి దొంగచాటుగా దూరిన లోకం కాదు. చర్చి తానే కని, పెంచి, ఊరూరా పంపిన బిడ్డ. కన్నతల్లే ఇప్పుడు గుమ్మంలో నిలబడి "నువ్వెవరు?" అంటోంది.

ఇంకా దగ్గరికి రండి. మన తెలంగాణ క్రైస్తవానికి దోర్నకల్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అక్కడి మొదటి బిషప్పు, ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు, వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912 డిసెంబరు 29న అభిషేకం పొందాడు. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా దోర్నకలే ఆయన ఊరు. పుట్టింది తమిళ నేల మీద, తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో తిరిగాడు. 1909లో దోర్నకల్‌కు రాకముందు ఆయన చేసిన పని ఏమిటి? 1895 నుంచి దక్షిణ భారతంలో వైఎంసీఏ కార్యదర్శి. బంతినీ బైబిలునూ ఒకే కప్పు కింద పెట్టిన సంస్థలో పదేళ్లకు పైగా నలిగినవాడే మన మాలపల్లెలకూ మాదిగపల్లెలకూ సువార్త తెచ్చాడు. ఆయన ఫోటోకు దండ వేసే చేతులే మా చేతిలోని బంతి లాక్కుంటున్నాయి.

"వైఎంసీఏ ఇప్పుడు అలా లేదు కదా" అని ఒక అన్న నాతో అన్నాడు. ఉండకపోవచ్చు. వాదన "లోకం నుంచి వచ్చినవి" అని కదా మొదలైంది? వచ్చిన చోటు తప్పని తేలాక ఇప్పుడు ఉన్న చోటు సంగతి ఎత్తడం గోల్‌పోస్టు జరపడం. ఆ పని ఆటలో చేస్తే ఈల వేస్తారు.

3. "ఆదివారం దేవునిది"

ఇక్కడ నాకు నిజంగా కోపం వస్తుంది.

నీట్ పరీక్ష 2024లో మే 5న జరిగింది, 2025లో మే 4న జరిగింది. రెండూ ఆదివారాలే. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2024 జూన్ 9న జరిగింది. అదీ ఆదివారమే. ఆ రోజుల్లో మన సంఘాల నుంచి ఎంతమంది పిల్లలు ఆరాధన మానేసి ఖమ్మం బస్సెక్కారు? వాళ్లను ఎవరైనా "లోకస్థులు" అన్నారా? అనలేదు సరికదా, ముందు ఆదివారమే పేర్లు చదివి, ముందుకు పిలిచి, తల మీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. మంచిదే, చేయాలి. అదే పిల్లవాడు మండల స్థాయి వాలీబాల్ పోటీకి ఆదివారం వెళ్తే వచ్చే వారం ప్రసంగంలో పేరు లేకుండా వాడి కథ వస్తుంది. పేరు లేకపోయినా అందరి తలలూ వాడివైపే తిరుగుతాయి.

ఆదివారం దేవునిదైతే నీట్‌కూ దేవునిదే. నీట్‌కు సడలించగలిగింది వాలీబాల్‌కు సడలించలేనిదైతే, అడ్డం ఆదివారం కాదు. డాక్టరు సీటు మనకు కావాలి, వాలీబాల్ కప్పు అక్కర్లేదు. అది చెప్పండి, ఒప్పుకుంటాను. కోరిక మనది, సంతకం మాత్రం దేవునితో పెట్టిస్తున్నాం.

ఈ చర్చ వచ్చిన ప్రతిసారీ ఎరిక్ లిడెల్ కథ చెప్తారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం వచ్చాయని ఆ స్కాట్లండు కుర్రాడు పరుగెత్తనన్నాడు. తర్వాత 400 మీటర్లు 47.6 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం తెచ్చాడు. గొప్ప కథ, నాకూ ఇష్టం. మనవాళ్లు అందులో సగమే చెప్తారు. లిడెల్ ఆదివారం మానాడు, పరుగు మానలేదు. మానినట్టయితే మీకు చెప్పుకోవడానికి కథే ఉండేది కాదు.

మిగతా సగం ఇంకా ఉంది. లిడెల్ మిషనరీగా చైనా వెళ్లాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం విదేశీయులను వెయ్‌షియన్ అనే నిర్బంధ శిబిరంలో పెట్టింది. తల్లిదండ్రులకు దూరంగా అక్కడ చిక్కుకున్న స్కూలు పిల్లలకు ఆయనే ఆటలు నేర్పాడు. ఆదివారం మాత్రం ఆటలు వద్దన్నాడు. పిల్లలు వినలేదు, పెద్దలెవరూ లేకుండా హాకీ ఆడి కొట్టుకున్నారు. మరుసటి ఆదివారం ఎరిక్ లిడెల్, ప్రపంచమంతా ఆదివారం పట్టుదలకు పేరు చెప్పుకునే మనిషి, ఈల పట్టుకుని రిఫరీగా నిలబడ్డాడు. తన కోసం ఆదివారం పరుగెత్తనివాడు పిల్లల కోసం ఆదివారం గ్రౌండులోకి దిగాడు. 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరంలోనే మెదడులో కణితితో చనిపోయాడు.

విశ్రాంతి దినం మనుషుల కోసమా, మనుషులు విశ్రాంతి దినం కోసమా అన్న ప్రశ్నకు మార్కు సువార్త రెండో అధ్యాయంలో జవాబుంది. లిడెల్‌కు ఆ జవాబు పుస్తకంలోంచి ముళ్ల కంచె లోపలికి రావడానికి కొంత కాలం పట్టింది. మనకూ పట్టనీయండి. ఆయన కథ సగం దగ్గర ఆపి మా మీదకు విసరొద్దు, అంతే.

4. "ఆటల వల్ల చదువు పాడవుతుంది"

మా చర్చిలో పదో తరగతి పరీక్షల ముందు ఆదివారం జరిగేది చెప్తాను. ప్రసంగ వేదిక ముందు చిన్న బల్ల, దాని మీద తెల్లగుడ్డ. గుడ్డ మీద హాల్‌టికెట్లు, ఒక్కో దాని మీద నీలం పెన్ను, కొన్నింటికి రబ్బరు బ్యాండు. అయ్యగారు చేతులు చాచి ప్రార్థిస్తారు. వెనక అమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తారు. నా హాల్‌టికెట్టూ ఒకప్పుడు ఆ గుడ్డ మీద పడుకుంది. ఆ ఏడుపులో ఉన్న నమ్మకాన్ని నేను తక్కువ చేయను.

ఆ ప్రార్థన అయిన సాయంత్రం ఏం జరిగిందో కూడా చెప్పాలి. ఈస్టర్‌కు పాటల ప్రాక్టీసు. కొత్త కీబోర్డు, ప్యాడ్లు, పెద్ద బాక్సులు వచ్చాయి. ఒక్క పాట ఇంట్రో కుదరక రాత్రి పదకొండున్నర దాకా కూర్చున్నాం. వాయించేవాళ్లలో ఇద్దరికి ఆ వారమే పరీక్షలు. "చదువు పాడవుతుంది, ఇంటికి పోండి" అని ఒక్క నోరు కూడా అనలేదు.

లెక్క వేద్దాం. నేను బడిలో ఉన్నప్పటి నా సొంత వారం ఇది. బుధవారం ఇంటి ప్రార్థన రెండు గంటలు. శుక్రవారం ఉపవాస ప్రార్థన మూడు గంటలు. శనివారం ప్రాక్టీసు మూడు గంటలు. ఆదివారం కుర్చీలు సర్దడం నుంచి మళ్లీ ఎత్తిపెట్టడం దాకా ఆరు గంటలు. మొత్తం పద్నాలుగు. వాలీబాల్ రోజుకు ముప్పావు గంట చొప్పున ఐదు రోజులు, నాలుగు గంటలు కూడా లేదు. ఫోను సంగతి ఎత్తితే నాకే సిగ్గు, ఆ రెండూ కలిపినా దాని దగ్గరికి రావు. ఆ పద్నాలుగు గంటలు తగ్గించమని నేను అడగడం లేదు. వాటిలో నాకు దొరికినది మరెక్కడా దొరకదు. నా ప్రశ్న వేరు. చదువుకు శత్రువు సమయమే అయితే పద్నాలుగును వదిలి నాలుగును పట్టుకుని ఎందుకు వేలాడుతున్నారు? అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడం కాదా?

ఇంటర్‌కు నేను చేరిన ప్రైవేటు కాలేజీలో గ్రౌండే లేదు. నాలుగంతస్తుల భవనం, పైన రేకుల షెడ్డు, ఆ షెడ్డు కింద రాత్రి తొమ్మిదిన్నర దాకా స్టడీ అవర్. ఆట పూర్తిగా మానేశాను. మార్కులు పెరిగాయా? మొదటి ఏడాది తగ్గాయి. నా ఒక్కడి అనుభవాన్ని సూత్రం చేయను. అటువైపు వాళ్లు మాత్రం గ్రౌండుకు పోయి ఫెయిలైన ఒక్క పిల్లవాడిని చూపించి సూత్రం చేస్తారు. గ్రౌండుకు పోకుండా ఫెయిలైనవాళ్లను లెక్కపెట్టరు.

ఒక విషయం మాత్రం మెల్లగా చెప్పాలి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత మన రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఆట లేకపోవడమే కారణమని నేను అనను. ఓడిపోయి, చెమట తుడుచుకుని, రేపు మళ్లీ రావడం అనేది ఒక పిల్లవాడు ఎక్కడ నేర్చుకుంటాడో చెప్పండి. క్లాసులో ఓడితే ర్యాంకు గోడ మీద అంటిస్తారు. చర్చిలో ఓడితే సాక్ష్యం చెప్పడానికి పిలవరు, మన సాక్ష్యాలన్నీ గెలిచినవాళ్లవే. 15-13తో ఓడిపోయి "రేపు చూస్కుందాం రా" అని నవ్వుతూ ఇంటికి పోయే చోటు గ్రౌండు ఒక్కటే. దాన్ని కూడా మూసేస్తామంటున్నారు.

దానియేలును తరచూ తెస్తారు కదా, ఆయన్నీ చూద్దాం. బబులోనులో ఆ నలుగురు కుర్రాళ్లు మూడేళ్లు కూర్చుని పరాయివాళ్ల భాష, పరాయివాళ్ల విద్య నేర్చుకున్నారు. దేవుడు తెలివి ఇచ్చాడు, నిజమే. ఇచ్చింది మూడేళ్లు కూర్చున్నవాళ్లకు. తర్వాత పెద్ద అధికారి అయ్యాక కూడా దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడని ఉంది, తెల్లవార్లూ మైకు పెట్టాడని లేదు.

ఆటకు ఉద్యోగం వస్తుంది, 2 శాతం స్పోర్ట్స్ కోటా ఉంది అని మా తరఫు వాళ్లు కొందరు వాదిస్తారు. కోటా ఉన్న మాట నిజమే. ఆ వాదన నాకు నచ్చదు. ఉద్యోగం వస్తేనే ఆటకు విలువ అని ఒప్పుకున్న రోజున మేం కూడా అవతలి జట్టులో చేరిపోయినట్టే.

5. "స్టడ్ క్రికెట్ వదిలేశాడు"

సి.టి. స్టడ్ ఇంగ్లండు జట్టులో ఆడాడు. యాషెస్ అనే పేరు పుట్టించిన 1882 ఓవల్ టెస్టులో ఉన్నాడు. 1885లో అన్నీ వదిలి చైనాకు మిషనరీగా వెళ్లాడు, తర్వాత కొన్నేళ్లు మన ఊటీలో పాస్టరుగా ఉన్నాడు. యువజన కూటాల్లో ఈ కథ తప్పకుండా వస్తుంది. ఆయన వదిలిపెట్టగలిగాడంటే ముందు పట్టుకున్నాడు కాబట్టి. మా చేతికి బ్యాటే ఇవ్వకుండా స్టడ్‌లా వదలమంటే మేం ఏం వదలాలి? అందరి పిలుపూ ఒకటే కాదు కూడా. ఇంగ్లండుకే ఆడిన డేవిడ్ షెపర్డ్ 1955లో సంఘ సేవకుడిగా అభిషేకం పొందాడు, మరుసటి ఏడాది ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆస్ట్రేలియా మీద 113 పరుగులు కొట్టాడు, తర్వాత లివర్‌పూల్ బిషప్పు అయ్యాడు. ఆయన కథ మన కూటాల్లో ఇంతవరకు నా చెవిన పడలేదు.

6. "ఆడపిల్లకు ఆటలేంటి?"

మగపిల్లవాడితో కనీసం వాదిస్తారు. ఆడపిల్ల విషయంలో వాదన కూడా ఉండదు, ఒక చూపు చాలు. మా సంఘంలోని ఒక చెల్లి గురుకులంలో ఖోఖో ఆడేది, జిల్లా స్థాయి దాకా వెళ్లింది. దసరా సెలవులకు ఇంటికొచ్చినప్పుడు వాళ్లమ్మ చేతిలో పోటీ ఫోటో ఉంది, ట్రాక్ ప్యాంటూ టీషర్టూ వేసుకుని మెడలో పతకంతో. ఆరాధన అయ్యాక ఆ ఫోటో బెంచీ మీద చేతులు మారింది. ఒక పెద్దావిడ చూసి, వెనక్కిచ్చి, "బట్టలు చూసుకోవాలమ్మా, సాక్ష్యం పోతది" అంది. పతకం సంగతి ఎవరూ అడగలేదు. మరుసటి ఏడు ఆ చెల్లి ఖోఖో జట్టులో లేదు.

ఇదే నేల మీద ఏం జరిగిందో చూడండి. గొంగడి త్రిష పుట్టింది భద్రాచలంలో. 2025 జనవరిలో అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్‌లో స్కాట్లండు మీద 110 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచింది. ఆ ప్రపంచకప్ చరిత్రలో అదే మొదటి సెంచరీ. ఫిబ్రవరి 2న కౌలాలంపూర్ ఫైనల్లో మూడు వికెట్లు తీసి, 44 పరుగులు చేసి కప్పు తెచ్చింది. అగసర నందిని మన సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూనే హాంగ్జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచింది. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది, ఆమెతో పాటు ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్ మన ఉమ్మడి ఖమ్మం జిల్లా కుర్రాడు. ఇద్దరూ గురుకులం పిల్లలే.

వీళ్ల మతం గురించి మాట్లాడటం లేదు, నాకు అక్కర్లేదు కూడా. నా మాట ఒక్కటే. ప్రభుత్వ గురుకులం మన పేద పిల్లల్లో చూసిన శక్తిని మన సంఘం బట్టల కొలతలో పోగొట్టుకుంటోంది. జెకర్యా వీధిలో మగపిల్లలతో పాటు ఆడపిల్లలూ ఆడుకుంటున్నారు. ప్రవక్తకు కనిపించిన ఆడపిల్లలు మనకు కనిపించరు.

7. "గ్రౌండులో బెట్టింగు ఉంటుంది"

ఉంటుంది. ఐపీఎల్ వస్తే ఫోనుల్లో ఏం జరుగుతుందో నాకూ తెలుసు, అప్పులపాలైన కుటుంబాలూ తెలుసు. సంక్రాంతికి మా సరిహద్దు దాటి ఆంధ్ర వైపు కోడిపందేల బరులకు ఎన్ని బండ్లు పోతాయో వేంసూరులో ఎవరినడిగినా చెప్తారు. వాటిలో విశ్వాసుల బండ్లూ ఉంటాయి, ఇది కూడా చెప్పాలి. ఆ బండ్లు నడిపేది పెద్దలే, మేం కాదు.

పందెం కాసేవాడు ఆడడు. ఆడేవాడికి పందెం కాసే తీరిక ఉండదు. ఫోనులో మ్యాచ్ మీద డబ్బు పెట్టే కుర్రాడు సాయంత్రం ఐదు గంటలకు ఏ గ్రౌండులోనూ కనిపించడు, ఏ గోడ పక్కనో తల వంచుకుని కూర్చుంటాడు. జూదాన్ని ఆటతో కలిపి కొట్టడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం. ఇంకో సంగతి, జూదం ఇంట్లోనే ఉంది, ఫోను మందిరంలోకి కూడా వస్తుంది. గ్రౌండు ఖాళీ చేస్తే పిల్లవాడు బైబిలు దగ్గరికి పోడు, ఆ గోడ పక్కకు పోతాడు.

కాబట్టి పెద్దలారా, అయ్యగారూ, నా మాట ఇది. ఆటలు మమ్మల్ని చర్చికి దూరం చేయలేదు. ఆట మా రక్తంలో ఉందని తెలిసి కూడా, ఆటనూ దేవుణ్నీ ఎదురెదురు నిలబెట్టి "ఎవరు కావాలో తేల్చుకో" అని మీరు మమ్మల్ని నిలదీసినప్పుడు దూరం మొదలైంది. మా వయసులో ఆ ప్రశ్న అడిగితే కొందరు తప్పు జవాబు చెప్తారు. వాళ్లు ఆదివారం ఎక్కడున్నారో మీరే చూస్తున్నారు. ఆ ప్రశ్న అడగడం మానండి. ఆటల మీద ప్రసంగం చేయాలనిపిస్తే ముందు ఒక సాయంత్రం గ్రౌండుకు వచ్చి గట్టు మీద కూర్చోండి, జెకర్యా ముసలివాళ్లలాగా. ఆడపిల్లల పతకాలు సాక్ష్యాల సమయంలో చదవండి. ఆరాధన పదికి మొదలైతే ఒంటిగంటకు ముగించండి.

మందిరం వెనక, నీళ్ల ట్యాంకు పక్కన, షామియానా గుంజలు పడేసే ఖాళీ జాగా ఉంది. కొలిచి చూశాను. కోర్టుకు సరిపోతుంది, ఒక వైపు గోడ మాత్రం కొంచెం దగ్గర. రెండు పైపులు ఉన్నాయి. నెట్టుకూ బంతికీ డబ్బులు మేమే వేసుకున్నాం. తాళంచెవి మీ దగ్గర ఉంది.